రాతి మీద పిల్లల పేర్లు

ఇన్కా నాగరికత గురించి పిల్లలకు చెప్పడానికి జగ్గయ్యపేట వెళ్ళడమేమిటని మా అక్క అడిగింది. ఆవిడ కూతురు ఏడో తరగతి, కొడుకు నాలుగు. పెద్దదానికి బళ్ళో ఇన్కాల మీద ప్రాజెక్టు ఇచ్చారు. రంగుల బొమ్మలు ప్రింటు తీయించి, చార్టు మీద అంటించి, కింద నాలుగు వాక్యాలు రాసింది. మచ్చు పిచ్చు కొండ, బంగారు సూర్యుడు, ఈకల కిరీటం పెట్టుకున్న రాజు. అందులో అన్నం వండుకునేవాళ్ళు, రాళ్ళు మోసేవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు ఎవరూ లేరు. సెలవు చూసుకుని ఇద్దర్నీ కారెక్కించి విజయవాడ నుంచి మెట్టకు బయల్దేరాను. దూరదేశపు పాత కాలం పిల్లల తలకెక్కాలంటే, ముందు మన పక్క ఊళ్ళో ఉన్న పాత కాలాన్ని వాళ్ళు కాళ్ళతో తొక్కి, చేత్తో తాకి చూడాలి. ఈ మాట నేను ఎప్పటినుంచో నమ్ముతున్నాను.

బయల్దేరే ముందు బందరు రోడ్డు మీద బాపు మ్యూజియంలో ఆగాం. అక్కడ నిలువెత్తు తెల్ల సున్నపురాతి బుద్ధుడు ఉన్నాడు. అది 3, 4 శతాబ్దాల నాటి శిల్పం. దొరికింది నందిగామకు దగ్గరి అల్లూరులో. నందిగామ అంటే పిల్లలకు హైదరాబాద్ బస్సు ఆగే ఊరు, అంతే. ఆ ఊరి పక్క పొలాల నుంచి ఇంత పెద్ద విగ్రహం వచ్చిందనగానే చిన్నవాడు, "అయితే అక్కడ ఇంకా ఉంటాయా మావయ్యా?" అన్నాడు. ఉంటాయన్నాను. ఒక పిల్లవాడిని ప్రయాణానికి సిద్ధం చేయడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇబ్రహీంపట్నం దాటాక కుడివైపు కొండపల్లి కొండలు కనిపిస్తుంటే ఒక పత్తి దారం తీసి పెద్దదాని చేతికిచ్చాను. ముడికి నూరేళ్ళ చొప్పున వేసుకుంటూ వెనక్కి వెళ్ళమన్నాను. ఇన్కాలు రాత లేని వాళ్ళు. అక్షరాలు లేకుండానే పసిఫిక్ తీరం నుంచి అండీస్ మంచు కొండల దాకా ఒక మహాసామ్రాజ్యాన్ని నడిపారు. లెక్కలన్నీ దారాల మీద ముడులతో ఉంచుకునేవారు. వాటి పేరు కిపు. ఒక పెద్ద తాడుకు వేలాడే సన్నటి దారాలు, ఒక్కో దారం మీద కిందినుంచి ఒకట్లు, పైన పదులు, ఆ పైన వందలు. సున్నా ఉన్న చోట ముడి వేయకుండా ఖాళీ వదిలేవారు. 1912లో లేలాండ్ లాక్ అనే అమెరికన్ ఈ పదుల పద్ధతిని విప్పి చెప్పాడు. సున్నాను ఖాళీతో చూపించడం పెద్దదానికి ఎంత నచ్చిందంటే, కంచికచర్ల వచ్చేసరికి మా ఇంటి నంబరు, వాళ్ళ నాన్న బండి నంబరు దారం మీదకు ఎక్కించేసింది. ఆ తర్వాత గానీ నూరేళ్ళ ముడులు మొదలవలేదు.

అయిదో ముడి దగ్గర ఇన్కా రాజ్యం వచ్చేసింది. 1532లో పిజారో అనే స్పానిష్ సైనికుడు గుప్పెడు మందితో వెళ్ళి కహమార్కా ఊళ్ళో ఇన్కా రాజు అతహువల్పాను పట్టుకున్నాడు. ఒక గది నిండా బంగారం, రెండుసార్లు వెండి పోస్తానని రాజు ఒప్పుకున్నాడు. పోశాడు కూడా. అయినా 1533లో అతన్ని చంపేశారు. అంతకు ముందు ఆ రాజ్యం సామ్రాజ్యంగా నిలిచింది సుమారు ఒక నూరేళ్ళు. 1438 ప్రాంతంలో పచకుతి రాజయ్యాక అది పెరిగింది. మచ్చు పిచ్చు కట్టింది 1450 ప్రాంతంలో. అంటే ఇన్కాల మహారాజు హువైనా కపాక్ కుస్కో రాజధానిగా ఏలుతున్న రోజుల్లోనే, మేం కారులో దాటుతున్న కొండపల్లి కోటను శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాడు. పిల్లలు ప్రాచీనులనుకున్న ఇన్కాలు రాయలవారి ఈడువాళ్ళు! పెద్దది దారం వైపు చూసి, "మరి మనం వెళ్ళేది ఎన్నో ముడి?" అంది. వేస్తూనే ఉండమన్నాను. దారం పొడుగు చాలక కొత్తది అతుకు వేయాల్సి వచ్చింది.

కీసర దగ్గర మున్నేరు. వంతెన మీద కారు నెమ్మది చేశాను. 2024 సెప్టెంబరు వానలకు ఈ మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో జాతీయ రహదారిని ముంచేసింది. అటు గరికపాడు దగ్గర పాలేటి వంతెన కూడా దెబ్బతింది. హైదరాబాద్‌కూ విజయవాడకూ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. పిల్లలకు ఆ రోజులు గుర్తున్నాయి, వాళ్ళ నాన్న అప్పుడు అటువైపు చిక్కుకున్నాడు కాబట్టి. దారి తెగితే రాజ్యం తెగుతుందని ఇన్కాలకు బాగా తెలుసు. వాళ్ళు వేసిన దారులు మొత్తం కలిపితే సుమారు 30 వేల కిలోమీటర్లని లెక్క. చక్రం బండి వాడలేదు, గుర్రం లేదు, ఇనుము లేదు. నడిచే మనుషులు, బరువులు మోసే ల్యామాలు. చాస్కీలనే కుర్రాళ్ళు వంతులవారీగా పరిగెత్తి వార్తలు చేరవేసేవారు. లోయల మీద గడ్డితో పేనిన తాళ్ళ వంతెనలు. అపురిమాక్ నది మీద కెస్వచాకా వంతెనను నేటికీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏటా జూన్‌లో పాతది తీసేసి కొత్త గడ్డి తాళ్ళతో మళ్ళీ అల్లుతారు. ఇంటికి ఇంత తాడని పేని తెస్తారు. వాళ్ళ తాతలు అలాగే చేశారు, వీళ్ళూ చేస్తున్నారు. ఆ పని పట్ల నాకు అపారమైన గౌరవం. సిమెంటు వంతెన కూలితే ప్రభుత్వం వైపు చూస్తాం. గడ్డి వంతెన అల్లేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

మున్నేరు దాటాక నేల రంగు నల్లబడుతుంది. డెల్టా వరి వెనక్కిపోయి పత్తి, మిరప, రోడ్డు పక్కన సుబాబుల్ తోటలు మొదలవుతాయి. 2022 ఏప్రిల్‌లో ఈ మండలాలన్నీ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి గానీ పెద్దవాళ్ళ నోట ఇది కృష్ణా జిల్లా మెట్టే. మేం వెళ్ళింది మిరప కోతల కాలం. నందిగామ దాటాక ఒక కల్లం దగ్గర దిగాం. కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కూలికొచ్చిన ఆడవాళ్ళు తాలు ఏరుతున్నారు. ఘాటుకు చిన్నవాడు తుమ్ముతూనే కాయల్ని చేత్తో ఎత్తి చూస్తున్నాడు.

ఇన్కాల పాఠానికి ఈ కల్లాన్ని మించిన బడి లేదు. మిరపకాయ అమెరికా ఖండాల పంట. సుమారు అయిదు వందల ఏళ్ళ క్రితం దాకా మన దేశంలో దాని మొహం చూసినవాళ్ళు లేరు. పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. ఇన్కాలకు మిరప ఎంత దగ్గరిదంటే, వాళ్ళ మూలకథలో గుహలోంచి బయటికొచ్చిన నలుగురు అన్నదమ్ముల్లో ఒకడి పేరు ఆయార్ ఉచు. ఉచు అంటే వాళ్ళ భాషలో మిరపకాయే. బంగాళాదుంప వాళ్ళ కొండల పంట. రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు ఎండబెట్టి, కాళ్ళతో తొక్కి నీరు తీసి ఏళ్ళ తరబడి నిలవ ఉంచేవారు. మొక్కజొన్న వాళ్ళ పండగ పంట. పత్తిని మాత్రం ఇక్కడా అక్కడా ఒకరికొకరు తెలియకుండా, వేరు వేరు జాతుల మొక్కల నుంచి వేల ఏళ్ళ క్రితమే మచ్చిక చేసుకున్నారు. కిపుల్లో చాలావాటి దారం పత్తే.

నేను ఇదంతా చెబుతుంటే తాలు ఏరుతున్న ఒక పెద్దావిడ చేయి ఆపి విన్నది. "అయితే అంతకు ముందు మనోళ్ళు కారం లేకండా ఎట్టా తిన్నారయ్యా?" అంది. మిరియాలు వేసుకునేవాళ్ళమ్మా అన్నాను. ఆవిడ నమ్మలేదు. పిల్లలు మాత్రం ఆ ప్రశ్నను పట్టుకున్నారు. జగ్గయ్యపేటలో పాత బౌద్ధ స్తూపం ఉన్న గుట్ట మీద మేం చూడబోయే మనుషులు పచ్చడి మెతుకులు ఎరగరు, బంగాళాదుంప వేపుడు ఎరగరు, టమాటా పప్పు ఎరగరు. ఒక కాలంలోకి పిల్లల్ని తీసుకెళ్ళడానికి కంచం దగ్గరి దారి ఇది.

నందిగామ చుట్టూ ఉన్న ఊళ్ళు చెప్పకుండా వెళ్ళడం న్యాయం కాదు. అల్లూరు అనుకున్నాం. గుమ్మడిదుర్రులో 1926–27లో తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడింది. కృష్ణ మీదుగా అటు అమరావతి, ఎగువన నాగార్జునకొండ, దిగువన ఘంటసాల, భట్టిప్రోలు. ఈ నది ఒడ్డున రెండువేల ఏళ్ళ క్రితం భిక్షువులు, వర్తకులు, రాతి పనివాళ్ళు నడవని బాట లేదు. ఒక్క రోజులో అన్నీ చూపిస్తే పిల్లలకు ఏదీ మిగలదు. అందుకే తిన్నగా జగ్గయ్యపేట.

చిల్లకల్లు దగ్గర పెద్దరోడ్డు వదిలి ఊళ్ళోకి తిరుగుతాం. జగ్గయ్యపేట అనే పేరు మొన్నటిది. పాతపేరు బేతవోలు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద ఈ పేట కట్టించాడు. 18వ శతాబ్ది చివర్లో అమరావతి దిబ్బను తవ్వించిందీ ఆయన మనుషులే. కొత్త ఊరు కట్టడానికి ఇటుకలూ రాళ్ళూ తీస్తుంటే చెక్కిన పలకలు బయటపడ్డాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి వాటిని చూశాడు. బేతవోలుకు కూడా అంతకు ముందొక పేరు ఉంది. అది ఏ పుస్తకంలోనో ఎవరో ఊహించింది కాదు, రాతి మీద చెక్కి ఉంది. వెలగిరి.

గుట్టను ఇక్కడివాళ్ళు ధనం బోడు అంటారు. ఎండ ముదరక ముందే ఎక్కాం. ఎక్కడానికి కష్టపడాల్సిన ఎత్తేమీ కాదు. పైన మేకల్ని తోలుకుపోతున్న పెద్దాయన ఒకాయన, "ధనం ఉందని మా తాత చెప్పేటోడు, ఎవరికీ దొరకలా" అన్నాడు. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడికొచ్చి తవ్వించాడు. అప్పటికే ఎన్నో రాళ్ళు తరలిపోయాయి. మిగిలినవాటిని కొలిచి, బొమ్మలు గీయించి, 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. ఇక్కడి ముఖ్యమైన పలకలు మద్రాసు మ్యూజియానికి చేరాయి.

స్తూపం అమరావతి అంత మహాకాయం కాదు. అడ్డకొలత ముప్ఫై అడుగుల పైచిలుకు. గుండ్రటి వేదిక, చుట్టూ నిలబెట్టిన సున్నపురాతి పలకలు. చాలా పలకలు సాదావే. పిల్లలకు ఇలాంటి చిన్న స్తూపమే మంచిదని నా అభిప్రాయం. ఒక చుట్టు తిరిగి రాగలరు. కుడిచేతి వైపు స్తూపం ఉండేలా తిరగమన్నాను, గుళ్ళో ప్రదక్షిణలాగే. చిన్నవాడు మూరలు కొలుస్తూ తిరిగాడు. వాడి మూర చిన్నది కాబట్టి లెక్క ఎక్కువే వచ్చింది. పెద్దది దాన్ని కిపు మీద ముడులు వేసుకుంది. ఇన్కాల లెక్క, వెలగిరి కొలత ఒకే దారం మీదకు చేరాయి. ఆ పిల్ల చార్టు మీద నేను చూడాలనుకున్నది ఇదే.

తర్వాత నీడన కూర్చుని ఇక్కడ దొరికిన శాసనం కథ చెప్పాను. ఈ ప్రయాణమంతా దానికోసమే.

ఇక్ష్వాకుల రాజు, మాఢరీపుత్ర వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం. 3వ శతాబ్ది. వానకాలపు ఎనిమిదో పక్షం, పదో రోజు. సిద్ధార్థుడనే పనివాళ్ళ పెద్ద, నాకచందుడి కొడుకు, ఈ వెలగిరిలో బుద్ధ భగవానుడి మహాచైత్యానికి తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. తండ్రీ అదే వృత్తి. రాజు కాదు, రాణి కాదు, సేనాపతి కాదు. రాళ్ళ దుమ్ములో బతికిన మేస్త్రి. ఆ శాసనంలో రాజు పేరు తేదీ చెప్పడానికి మాత్రమే ఉంది. మిగతాదంతా ఆ మేస్త్రి ఇల్లు.

తల్లిని ముందుంచుకుని ఈ దానం చేస్తున్నానని చెప్పుకున్నాడు. తల్లి పేరు నాగిలని. భార్య సముదని. కొడుకు మూలసిరి. కూతురు నాకబుధనిక. అన్నో తమ్ముడో గానీ తోడబుట్టినవాడు బుధినకుడు, అతని భార్య కనిక, వాళ్ళ కొడుకులు నాగసిరి, చందసిరి, కూతురు సిధథనిక. బంధుమిత్రులందరితో కలిసి, సకల ప్రాణుల మేలు కోరి. అంతే శాసనం. అది దొరికిన ఏడే, 1882లో, బూలర్ అనే పండితుడు దాన్ని అనువదించి అచ్చు వేశాడు.

నేను పేర్లు చదువుతుంటే పెద్దది ఆపింది. "మళ్ళీ చెప్పు మావయ్యా, పిల్లల పేర్లే." మూలసిరి, నాకబుధనిక, నాగసిరి, చందసిరి, సిధథనిక. అయిదుగురు. ఆడపిల్లలిద్దరి పేర్లు మగపిల్లల పేర్ల పక్కనే, ఒకే పలక మీద. ఇంకాస్త చూస్తే వరసలు కనిపిస్తాయి. తాత నాకచందుడు, మనవడు చందసిరి. నాయనమ్మ నాగిలని, మనవడు నాగసిరి. సిద్ధార్థుడి పేరు తోడబుట్టినవాడి కూతురి పేరులో వినిపిస్తుంది, సిధథనిక. తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టుకునే మన ఇళ్ళలాగే ఉంది ఆ ఇల్లు. పెద్దదానికి వాళ్ళ నాయనమ్మ పేరే పెట్టారు. అది కాసేపు మాట్లాడలేదు. చిన్నవాడు మాత్రం లెక్క తేల్చేశాడు. "పిల్లలు అయిదుగురు, స్తంభాలు అయిదు. ఒక్కొక్కళ్ళకి ఒకటి!"

ఆ అయిదు స్తంభాలకు బౌద్ధంలో వేరే అర్థముంది. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం. ఆంధ్రదేశపు స్తూపాలకే చెల్లిన ఏర్పాటు అది. స్తూపానికి నాలుగు దిక్కులా బయటికి చొచ్చుకొచ్చిన వేదికల మీద అయిదేసి నిలబెట్టేవారు. అదీ చెప్పాను. కానీ వాడి లెక్కను కొట్టేయలేదు. ఆ రోజు స్తంభాలు నిలబడుతుంటే ఆ అయిదుగురు పిల్లలూ ఇదే గుట్ట మీద పరిగెత్తి ఉంటారనీ, తమ పేరు ఏ గీతల్లో ఉందో చూపించమని ఆ మేస్త్రిని వేధించి ఉంటారనీ నాకూ అనిపిస్తుంది.

శాసనంలోని బ్రాహ్మి అక్షరాలు చూడ ముచ్చటైనవి. నిలువు గీతలు బాగా పొడుగ్గా కిందికి సాగి వయ్యారంగా ఉంటాయి. ఇక్ష్వాకుల కాలపు రాత తీరు అది. అచ్చయిన ప్రతిరూపం ఒకటి వెంట తీసుకెళ్ళాను. క అంటే శిలువ గుర్తు, గ అంటే చిన్న తోరణం అని చూపించాక పెద్దది పుల్లతో మట్టి మీద రాయడం మొదలుపెట్టింది. ముందు నాకబుధనిక, తర్వాత తన పేరు.

ఇన్కా పిల్లల పేర్లు మనకు ఇలా అందలేదు. కిపుల్లో లెక్కలు చదవగలుగుతున్నాం గానీ పేర్లూ కథలూ చదవగలిగే విద్య వాళ్ళతోనే పోయింది. స్పానిష్ వాళ్ళు ఎన్నో కిపులను తగలబెట్టారు. కుస్కో పైన సక్సాయ్‌హువామన్‌లో కత్తి మొన కూడా దూరనంత ఒద్దికగా, సున్నం లేకుండా పేర్చిన బండరాళ్ళున్నాయి. వాటిని చెక్కిన ఒక్క మేస్త్రి పేరు ఏ రాతి మీదా లేదు. ఆ మాట చెప్పినప్పుడు పెద్దది తన దారాన్ని మడిచి జాగ్రత్తగా జేబులో పెట్టుకుంది.

ఇక మాంధాత చక్రవర్తిని చెక్కిన పలక. పదిహేడు, పద్దెనిమిది ముడుల దగ్గర సిద్ధార్థుడి కుటుంబం వస్తే, ఇరవై ఒకటో ముడి దగ్గర ఈ పలక వస్తుంది. క్రీస్తు పూర్వం 1వ శతాబ్ది అని అంచనా. ధనం బోడు మీదే దొరికి, ఇప్పుడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నా ఫోన్లో బొమ్మ చూపించాను. మధ్యలో గొడుగు నీడన సన్నగా పొడుగ్గా చక్రవర్తి. కుడిచెయ్యి పైకెత్తాడు. పైన మబ్బుల్లోంచి నాణేలు కురుస్తున్నాయి. చుట్టూ చక్రవర్తికుండే ఏడు రత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, గృహపతి, మంత్రి. నాణేలు గుండ్రంగా లేవు, చతురస్రంగా ఉన్నాయి. ఆ కాలంలో చలామణిలో ఉన్న వెండి విద్ధాంక నాణేలు అలాగే నలుచదరంగా ఉండేవి. శిల్పి తన మొలలో మూటకట్టుకున్న డబ్బునే మబ్బుల్లోంచి కురిపించాడు.

మన పురాణాల్లోనూ ఉన్న మాంధాతే ఇతను. బౌద్ధ కథలో ఇలా ఉంటుంది. అతను చేతులు కలిపి చరిస్తే ఆకాశం నుంచి రత్నాలు మోకాళ్ళ లోతున కురిసేవి. భూమంతా ఏలినా తృప్తి లేదు. దేవలోకానికి వెళ్ళాడు. ఇంద్రుడు సగం సింహాసనం ఇచ్చాడు. చాలా కాలం కూర్చున్నాక సగమెందుకు, మొత్తం నాదే కావాలనుకున్నాడు. ఆ కోరిక పుట్టగానే ముసలితనం వచ్చి, నేల మీద తన తోటలోనే పడ్డాడు. అక్కడే ప్రాణం విడిచాడు. గది నిండా బంగారం పోయించుకుని కూడా మాట తప్పిన పిజారో కథ పొద్దున్నే విన్న పిల్లలు, ఇది విన్నాక రెండింటినీ తమంతట తామే కలుపుకున్నారు. నేను కలపలేదు. "ఆ మేకల తాత ధనం దొరకలేదన్నాడుగా, దొరికిందిగా మావయ్యా, రాతి మీద!" అన్నాడు చిన్నవాడు.

ఆ పలక ఇక్కడ ఎందుకు లేదన్న ప్రశ్న వచ్చింది. రాక తప్పదు. జవాబు మచ్చు పిచ్చు నుంచే మొదలుపెట్టాను. 1911 జులై 24న హైరం బింగ్‌హామ్ మచ్చు పిచ్చు చేరినప్పుడు, చివరి దూరం అతనికి దారి చూపింది అక్కడి రైతు కుటుంబంలోని ఒక చిన్న పిల్లవాడు. ఇన్కాలు కట్టిన మెట్ల చేలల్లో ఆ కుటుంబాలు అప్పటికే సేద్యం చేసుకుంటున్నాయి. తర్వాతి యాత్రల్లో బింగ్‌హామ్ తవ్విన వస్తువులు యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాయి. పెరూ నూరేళ్ళు అడిగింది. 2011, 2012లో అవి కుస్కోకు తిరిగొచ్చాయి, ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. మన అమరావతి పలకలు ఎన్నో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మాంధాత చెన్నైలో ఉన్నాడు. భద్రంగా ఉన్నాడు, ఆ మేలు ఒప్పుకోవాలి. అయితే జగ్గయ్యపేటలో పుట్టి, అక్కడే పదో తరగతి దాకా చదివి, ఆ బొమ్మ ఒక్కసారీ చూడని పిల్లలు ఎంతమందో. ఆ లోటు నన్ను బాధపెడుతుంది.

దిగేటప్పుడు పిల్లలు మరొకటి అడిగారు. ఆ ఇక్ష్వాకుల రాజధాని ఎక్కడుందని. విజయపురి, నాగార్జునకొండ లోయలో. దాని మీద ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ళున్నాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాడు. అది రావాలని ఏళ్ళ తరబడి తిరిగి, సొంత డబ్బు పెట్టి పోరాడినవాడు జగ్గయ్యపేటకు దగ్గర్లో కృష్ణ ఒడ్డున ఉన్న ముక్త్యాల రాజా, వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. లోయ మునిగే లోపు, 1954 నుంచి 1960 దాకా, దాన్ని తవ్వి ఎన్నో కట్టడాలను పైకి ఎత్తి తిరిగి కట్టారు. ఆ సాగర్ ఎడమ కాలువ నీళ్ళే ఈ మెట్టకు వస్తాయి. ఒక రాజధాని మునిగిన నీళ్ళతో, ఆ రాజు పేరు చెక్కిన గుట్ట కింద పొలాలు తడుస్తున్నాయి. దీనికి సంతోషపడాలో దిగులుపడాలో పిల్లలకు నేను చెప్పలేదు. రెండూ నిజమే.

సాయంత్రం వేదాద్రి వెళ్ళి నరసింహస్వామి దర్శనం చేసుకుని కృష్ణలో కాళ్ళు కడుక్కున్నాం. తిరుగు దారిలో పిల్లలు నిద్రపోయారు. తర్వాతి వారం చార్టు మారింది. రాజు బొమ్మ తీసేసి ఆ చోట గడ్డి తాడు పేనే ఒక కుటుంబాన్ని గీసింది పెద్దది. పక్కన దారంతో చేసిన కిపు కట్టింది. దాని మీద ఇన్కాల ముడులు, వెలగిరి ముడులు. కింద బ్రాహ్మిలో అయిదు పేర్లు.

జగ్గయ్యపేట, నందిగామ బళ్ళ ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటుంది. ఎక్కడి నాగరికత పాఠం చెప్పాల్సి వచ్చినా, అది ఈజిప్టు గానీ ఇన్కా గానీ, ముందొక పూట పిల్లల్ని ధనం బోడు ఎక్కించండి. నడిచి వెళ్ళగలిగిన బళ్ళకు ఖర్చు కూడా లేదు. మాంధాత పలక బొమ్మను బడి గోడ మీద పెద్దగా గీయించండి. మూలసిరి, నాకబుధనిక, నాగసిరి, చందసిరి, సిధథనిక అని నల్లబల్ల మీద రాసి, మీకంటే ముందే ఈ ఊరి రాతి మీద పేర్లకెక్కిన పిల్లలు వీళ్ళని చెప్పండి.